నాలుగో ఊపిరి

మా బ్యాండు పాటల్లో జనానికి తెలిసింది ఒక్కటే. మిగతావి మా ఇళ్ళల్లోవాళ్ళు కూడా మొహమాటానికే వినేవారు. ఆ ఒక్క పాటే ప్రకటనల్లో, ఫోన్లలో, లిఫ్టుల్లో ఏళ్ళ తరబడి మోగుతూ మా నలుగురికీ అన్నం పెట్టింది.

నలుగురంటే పాడేవాడు, గిటారిస్టు, కీబోర్డు వాయించే నేను, డ్రమ్స్ వాయించే మా బావ. పాడేవాణ్ణి కంచు అంటాం. గొంతూ అంతే, మాటా అంతే. బావకి చిన్నప్పుడు బంతి తగిలి ముక్కు వంకరపోయింది. గట్టిగా గాలి పీలిస్తే సన్నగా ఈల వచ్చేది. "కుక్కర్ వచ్చింది, పొయ్యి కట్టెయ్యండి" అని ఏడిపించేవాళ్ళం. కానీ ఆ పాటకి ఆ ఈలే మాకు దిక్కు. స్టేజీ మీద లైట్లన్నీ ఆర్పేసి మొదలుపెట్టేవాళ్ళం. ఒకరికొకరు కనపడం. చీకట్లో బావ ఊపిరి పీల్చేవాడు. ఈల ఆగగానే నలుగురం ఒక్కసారి అందుకునేవాళ్ళం. ఒకటి, రెండు అని లెక్కపెట్టి మొదలెట్టడం ఆ పాటకి మేం ఎప్పుడూ నేర్చుకోలేదు.

చేతులు వణకడం మొదలై బావ బ్యాండు మానేశాడు. పోయిన ఏడాది మనిషే పోయాడు. అయినా పాట మీద ఆయన వాటా అక్కకి వస్తూనే ఉంది. అక్క ఇంటి అద్దె, మా మేనకోడలి చదువు దాంతోనే గడుస్తున్నాయి.

అదే కంచు కళ్ళల్లో పడింది. పాత పాట తీసేయించి, అదే పాట కొత్తగా రికార్డు చేద్దామన్నాడు. డ్రమ్స్ బదులు యంత్రం. నాలుగు వాటాల బదులు మూడు.

"పని మానేసినవాడికి జీతం ఎవడిస్తాడ్రా?"

"ఆయన మానేశాడు. ఆయన వాయించింది ఇంకా మోగుతోందిగా," అన్నాను.

"అంత జాలి ఉంటే నీ వాటా ఇచ్చుకో మీ అక్కకి."

నాకూ ఇల్లుంది, అప్పుంది. తలూపాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

రికార్డింగు రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. కొత్త రికార్డింగు అని తెలుసు గానీ, ఎందుకో తెలియదు. "ఒరేయ్, బాగా వాయించు. మీ బావ వింటూంటారు," అంది.

స్టూడియో నేలమాళిగలో ఉంది. బయట మిట్టమధ్యాహ్నం. లోపల కిటికీ లేదు. గోడల నిండా మెత్తలు, తివాచీలోంచి చెమ్మ వాసన. తలుపు వేస్తే మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. అలవాటుకొద్దీ లైట్లు ఆర్పేయమన్నాడు కంచు. అద్దం అవతల రికార్డిస్టు ముందున్న ఎర్ర దీపం వెలుగొక్కటే మిగిలింది. చెవుల్లో యంత్రం టక్, టక్ మంటుంది. నాలుగో టక్కు తర్వాత అందుకోవాలి.

రెండో టక్కుకే అందుకున్నాం. ముగ్గురం. ఒక్కసారిగా.

"ఏంటి, అంత తొందర?" అన్నాడు రికార్డిస్టు.

ఏం విని అందుకున్నామో ముగ్గురికీ తెలుసు... సన్నటి ఈల. నా వెనక నుంచి. డ్రమ్స్ ఉండాల్సిన చోటు నుంచి.

"నువ్వేనా?" గిటారిస్టు గుసగుసగా అడిగాడు.

"నాకు జలుబు లేదు."

"కానివ్వండి... మళ్ళీ," అన్నాడు కంచు. ఆ గొంతులో కంచు లేదు.

మళ్ళీ మొదలుపెట్టాం. కంచు ఒక పంక్తి పాడాడు. ఊపిరి పీల్చాడు. ఇంకో పంక్తి. ఊపిరి. మూడో పంక్తి. ఊపిరి. నాలుగోది పాడి ఊపిరి తీసుకోబోయాడు...

ఈల.

ఈసారి నా వెనక నుంచి కాదు. కంచు ముఖం దగ్గర నుంచి. ఎర్ర వెలుగులో అతని నోరు తెరిచే ఉంది. గాలి లోపలికి పోవడం లేదు. ఈల ఆగాక గానీ ఛాతీ కదల్లేదు. మళ్ళీ మూడు ఊపిరులు అతనివి. నాలుగోది...

"ఆపండి! లైట్లు వెయ్యండి!" అరిచాను.

కంచు నేల మీద కూలబడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"వాటా..." అన్నాడు, నా చెయ్యి పట్టుకుని. "వాటా తీసుకుంటున్నాడ్రా..."

రికార్డిస్టు పాటని వెనక్కి తిప్పి వినిపించాడు. ఈల ఎక్కడా లేదు. నాలుగో ఊపిరి ఉండాల్సిన చోటల్లా ఖాళీ.

కంచు ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయంటున్నారు డాక్టర్లు. మొండిఘటం. నిన్న మంచం మీద నుంచే, ఆగి ఆగి, "ఆ ఖాళీలు అతికించి... విడుదల చేసేద్దాం. మీ అక్కకి... నువ్వే చెప్పు," అన్నాడు.

ఈసారీ తలూపాను.

ఈ రోజు పొద్దున అక్క ఇంటికి వెళ్ళాను. వంటగదిలో నాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. కుళాయి చప్పుడులో నా అడుగులు వినపడలేదు. గుమ్మంలో నిలబడ్డాను. మాట కూడదీసుకుందామని గట్టిగా గాలి పీల్చాను.

నా ముక్కులోంచి సన్నగా ఈల వచ్చింది.

నా ముక్కుకి ఎప్పుడూ ఏ దెబ్బా తగల్లేదు.

అక్క చేతిలో గిన్నె ఆగింది. మెల్లగా కుళాయి కట్టేసింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"ఎప్పుడొచ్చారండీ?" అంది.