మిగిలిన రెండు వందల సెకన్లు

నా పని వెలుతురు లెక్కపెట్టడం. ఆసుపత్రి మూడో అంతస్తులో లిఫ్టు దిగగానే ఎడమ చేతివైపు గది మాది. ఒక మంచం, ఒక లేజర్ మెషీను, గోడకు ఒక టీవీ తెర. ఊపిరి గొట్టంలో గడ్డ లేచి గాలి ఆడనివాళ్లు మా దగ్గరికి వస్తారు. ముందు నరంలోకి ఒక మందు ఎక్కిస్తాం. అది వెళ్లి గడ్డలో చేరుతుంది. రెండు రోజులు ఆగి, నోట్లోంచి సన్నటి గొట్టం, ఆ గొట్టంలోంచి ఒక గాజు తీగ దింపుతాం. తీగ కొసన ఎర్రటి వెలుగు ఉంటుంది. ఆ వెలుగు తగిలితే మందు పని మొదలుపెట్టి గడ్డను చంపుతుంది. సరిగ్గా ఐదు వందల సెకన్లు. తక్కువైతే గడ్డ చావదు. ఎక్కువైతే మంచి కండ కూడా కాలిపోతుంది.

పన్నెండేళ్లలో నా లెక్క తప్పిందన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ సంగతి నేనే నలుగురికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి.

రెండు నెలల కిందట ఒక తాత వచ్చాడు. గడియారాలు బాగుచేసేవాడు. చేతులు ఎంత కడుక్కున్నా గడియారాల నూనె వాసన పోయేది కాదు. ఈ వైద్యానికి మనిషిని పూర్తిగా నిద్రపుచ్చం. గొంతు మొద్దుబార్చి, కాస్త మత్తిస్తాం. నోట్లో గొట్టం ఉంది కాబట్టి తాత మాట్లాడలేడు. వెలుగు వేయగానే మంచం పక్కనున్న ఇనప కడ్డీ మీద వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. టక్... టక్... సెకనుకొకటి. మెషీనుతో పోల్చి చూశాను, తేడా లేదు. ముచ్చటేసింది.

అప్పుడే జేబులో ఫోను మోగింది. అక్క పంపిన మెసేజీ. "ఒరేయ్, రిపోర్టు వచ్చింది. నాకూ ఊపిరి గొట్టంలో గడ్డేనట."

ఆ ముక్కను నాలుగుసార్లు చదివి ఉంటాను. తల ఎత్తేసరికి తెర మీద వెలుగు ఆరిపోయి ఉంది.

"అయిందా?" అంది డాక్టరమ్మ గొట్టం పట్టుకుని.

"అయింది" అన్నాను.

ఆమె గొట్టం తీసేశాక మెషీను వంక చూశాను. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినట్టుంది. లెక్క మూడు వందల దగ్గర ఆగిపోయింది. తాత వేలు మాత్రం ఆగలేదు, ఇంకా కొడుతూనే ఉంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెబితే మళ్లీ గొట్టం వేయాలి, డాక్టరమ్మ చేత చీవాట్లు తినాలి, నా పన్నెండేళ్ల పేరు పోతుంది. రిజిస్టరులో ఐదు వందలని రాసేశాను. మెషీను జ్ఞాపకంలో మూడు వందలని ఉంటుంది కానీ, దాన్ని ఎవరు తెరిచి చూస్తారు?

మత్తు దిగాక తాత గొంతు పెగుల్చుకుని మెల్లగా అడిగాడు. "బాబూ, ఇంకా రెండు వందలు ఉన్నాయి కదా?"

"మత్తులో లెక్క తప్పినట్టున్నారు తాతా" అన్నాను. నా మొహంలోకి చూసి కళ్లు మూసుకున్నాడు.

నెల తిరక్కుండానే ఊపిరాడక పోయాడు. కళ్లకు ఎండ తగలకుండా మేమిచ్చిన నల్ల కళ్లద్దాలు తిరిగివ్వడానికి ఆయన కూతురు వచ్చింది. "చివరి వారం రోజులూ మంచం కడ్డీ మీద కొడుతూనే ఉన్నారండీ. ఎందుకో రోజూ మూడు వందల ఒకటి నుంచి మొదలుపెట్టేవారు" అంది. ఆమె కళ్లలోకి చూడలేక అద్దాలు తుడుస్తూ నిలబడ్డాను.

తర్వాత అక్క వంతు వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. "నా నోట్లో ట్యూబులైటు పెడతావటరా" అంటూ నవ్వుతూనే మంచమెక్కింది. నవ్వితే దగ్గు, దగ్గితే ఈల లాంటి ఊపిరి. ఆ రోజు ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. మెషీను మీద కళ్లు తిప్పకుండా, పైకి కూడా లెక్కపెట్టాను. ఐదు వందలు. నా కళ్లతో చూశాను.

మర్నాడు బావకు సెలవు దొరక్క, పగలు వాళ్లింట్లో అక్కకు నేనే తోడున్నాను. మందు ఒంట్లో ఉన్నన్నాళ్లు ఎండ పడకూడదు. చిన్న బల్బు ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పినా అక్క నమ్మలేదు. కిటికీలకు దుప్పట్లు కట్టించింది, తలుపు సందుల్లో కాగితాలు కుక్కించింది. పొద్దున పదకొండింటికి ఆ గదిలో నా చెయ్యి నాకే కనిపించడం లేదు. మూసిన గది వాసన, తడి తువ్వాలు వాసన. బయట ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నారు. అక్క నిద్రపోతోంది.

స్కూటరు వెళ్లిపోయింది.

టక్.

ఏదో ఎండిన చెక్క చప్పుడనుకున్నాను.

టక్... టక్...

అక్క మంచం కూడా ఇనపదే. చీకట్లో తడుముతూ వెళ్లి కడ్డీ పట్టుకున్నాను. అక్క వేలు తగిలింది. చల్లగా ఉంది. కొడుతోంది... సెకనుకొకటి. అక్కకు గడియారం చూసే అలవాటే లేదు. కూర ఉడికిందో లేదో మూత తీసి చూసే మనిషి.

వాసన మారింది. నూనె వాసన... గడియారాల నూనె.

"మూడు వందల ఒకటి..." అంది అక్క, నిద్రలోనే. "మూడు వందల రెండు..."

"అక్కా" అన్నాను.

"బాబూ, ఇంకా రెండు వందలు ఉన్నాయి కదా?"

అక్క నన్ను పుట్టినప్పటి నుంచీ ఒరేయ్ అనే పిలిచింది. బాబూ అని ఒక్కనాడూ అనలేదు.

కాసేపటికి దగ్గుతూ లేచి మంచినీళ్లు అడిగింది. ఏమీ గుర్తు లేదంది. పక్కింటావిడను కూర్చోబెట్టి ఆసుపత్రికి పరుగెత్తాను. మెషీను జ్ఞాపకం తెరిచాను. తాత పేరు ఎదురుగా ఐదు వందలు. అక్క పేరు ఎదురుగా మూడు వందలు.

మూడుసార్లు ఆపి తెరిచాను. అవే అంకెలు. నా కళ్లను నమ్మాలా, మెషీనును నమ్మాలా? మెషీనుదే నిజమైతే అక్క గడ్డ చావదు. నా కళ్లవే నిజమై, మళ్లీ వెలుగు వేస్తే మొత్తం ఏడు వందలవుతుంది, ఊపిరి గొట్టమే కాలిపోతుంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. తాత సంగతి కూడా.

"ఇన్నాళ్లూ నోరు మూసుకున్నావు. ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"అక్క కదండీ."

"ఆయనకీ కూతురుంది" అంది. తర్వాత మెషీను అంకెలు తనే చూసింది. మూడు వందలే కనిపించాయి ఆమెకు కూడా. "రేపు చచ్చిన కండ తీసి శుభ్రం చేయడానికి ఎలాగూ గొట్టం వేయాలి. మందు ఇంకా ఒంట్లో ఉంది. మిగిలిన రెండు వందలు ఇచ్చేద్దాం. ఆ తర్వాత నువ్వీ గదిలోకి రావద్దు."

మర్నాడు పొద్దున వెలుగు వేశాం. నేనే లెక్కపెట్టాను. అక్క వేలు కడ్డీ మీద నాతోపాటే కొట్టింది. రెండు వందల దగ్గర వెలుగు ఆరింది. వేలు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే కళ్లనీళ్లొచ్చాయి.

రిజిస్టరులో రాయడానికి మెషీను జ్ఞాపకం మళ్లీ తెరిచాను.

తాత... మూడు వందలు.

అక్క... ఐదు వందలు. దాని కింద ఇవాళ్టి రెండు వందలు.

డాక్టరమ్మ కూడా చూసింది. వెలుగు ఎక్కువైన సంగతి కండ చూస్తే అప్పటికప్పుడు తెలియదు. కాలిందో లేదో తెలియాలంటే రెండు రోజులు ఆగాలి.

ఇవాళ రెండో రోజు. డాక్టరమ్మ ఇంటికే వస్తానంది, ఇంకా రాలేదు. దుప్పట్లు కట్టిన గదిలో అక్క పక్కన కూర్చున్నాను. గొంతు మంటగా ఉందని అక్క పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇప్పుడే నిద్రపట్టింది. ఆమె రెండు చేతులూ నా చేతుల్లోనే ఉన్నాయి. గట్టిగా పట్టుకున్నాను, ఒక్క వేలు కూడా కదలకుండా.

కడ్డీ మీద టక్... టక్... వినిపిస్తూనే ఉంది.

లెక్కపెడుతున్నాను. ఆపలేకపోతున్నాను. ఆరు వందల తొంభై ఎనిమిది... ఆరు వందల తొంభై తొమ్మిది... ఏడు వందలు.

ఆగింది. నూనె వాసన నా చెవి దగ్గరికి వచ్చింది.

"అయిందా బాబూ?"

అక్క ఊపిరి వినబడుతుందేమోనని వింటున్నాను.