తొట్టి అడుగు నల్లమట్టి

బావమరిది తన కొంప ముంచాడని అతను చెప్పుకోని మనిషి ఆ వీధిలో లేడు. మంగలి దగ్గర గడ్డం గీయించుకుంటూ కూడా అదే పాట. పనికిరాని బురదేగా బావా అంటూ పొలం రాయించుకున్నాడనీ, ఇప్పుడా బురదలోనే జిగురు కలిపి, అచ్చుల్లో నొక్కి, బొగ్గు ఇటుకలుగా ఫ్యాక్టరీలకు అమ్ముకుంటున్నాడనీ.

పొలం అతని తండ్రిది. బొగ్గు కడిగే ప్లాంటుకు పల్లంలో ఉంది. ప్లాంటు వదిలిన నల్లనీళ్లు ఏళ్ల తరబడి అందులోకే దిగి, గడ్డిపోచ కూడా మొలవకుండా చేశాయి. ఆ నీళ్ల వాల్వు తిప్పే ఉద్యోగం అతనిదే. తన నేల మీదికి తన చేత్తోనే వదిలాడు.

ఆ ఉదయం టీ కోసం వంటింట్లోకి వస్తే పొయ్యిలో బొగ్గు ఇటుక నిలకడగా మండుతోంది. పొగ లేదు. ఎక్కడిదని అడిగాడు. భార్య దాచలేదు, తమ్ముడు పంపిందేనంది. బావకు ఆయాసం కదా అని బాగా ఆరినవి ఏరి మరీ పంపుతాడట, రెండేళ్లుగా.

"నన్ను ముంచినవాడి నిప్పు నా ఇంట్లోనా? తీసి అవతల పారెయ్."

ఆమె పట్టకారు కింద పెట్టి అతని వైపు తిరిగింది.

"వాడు ముంచలేదు. ఆ బురద మండుతుందని వాడికి చెప్పింది నేను."

అతను గోడకు ఆనుకున్నాడు.

"మీ డ్యూటీ బట్టలు ఉతికితే తొట్టి అడుగున నల్లమట్టి మిగిలేది. ఎండాక పొయ్యిలో వేస్తే కణకణలాడింది. ముందు మీకే చెప్పాను. రేపు నా స్నానం నీళ్లు కూడా అమ్ముతావా అన్నారు. పొలం రాసిచ్చే ముందు రోజు కూడా కలిసి చేద్దాం బావా అని వాడు బతిమాలాడు. ఈ బురదలోనే చావమంటావా అని లేచి వెళ్లిపోయారు."

గుర్తుంది. స్నానం నీళ్ల మాటకు ఇంట్లో అందరూ నవ్వారు, ఆమె తప్ప. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ బురదను అతను తడిగానే చూశాడు. ఆరేదాకా ఆగి చూసింది ఆవిడ.

"వాణ్ణి రాత్రికి భోజనానికి రమ్మను" అన్నాడు. ఆమె టీ గ్లాసు చేతికిచ్చింది.

గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లి తొట్టి పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్లు తోమినా పోని నల్లమరకను గోటితో గీకుతూ ఉండిపోయాడు. ఇక మంగలి దగ్గర ఎవరిని తిట్టాలో తెలియలేదు. తండ్రి ఇచ్చిన నేల అది. రెండున్నర ఎకరాలు.