ముందుకు జరిగిన సీటు

ఆదివారం పొద్దున్న సత్తిరాజు కాఫీ తాగుతూ ఫోన్‌లో కార్ల బొమ్మలు చూస్తున్నాడు. ఏలూరులో సొంత ఇల్లు, కొల్లేటి లంకల్లో చేపల చెరువులు, ఇంటి ముందు పదేళ్ల నాటి చిన్న కారు. దాన్ని ఇచ్చేసి ఎస్‌యూవీ కొనాలని రెండు నెలలుగా పట్టు పట్టాడు. ఏ కంపెనీది అన్న పట్టింపు లేదు. బండి ఎత్తుగా ఉండాలి, లైట్లు పట్టపగల్లా వెలగాలి. అంతే.

"ఇది చూడు పద్మా. ఏడుగురు కూర్చోవచ్చు."

పద్మప్రియ వంటింట్లోంచి తొంగి చూసింది. "మనం ముగ్గురమే కదండీ. అంత బండి మన సందులో మలుపు తిరుగుతుందా? చిన్న ఎస్‌యూవీల్లో గేర్లు మార్చక్కర్లేనిది చూడండి. క్లచ్ గొడవ ఉండదు."

సత్తిరాజు కప్పు కింద పెట్టాడు. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. క్లచ్ అన్న మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

"క్లచ్ సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరో అంటుంటే విన్నాన్లెండి." గబుక్కున లోపలికి వెళ్లిపోయింది. పక్కనే చదువుకుంటున్న కూతురు ఉషశ్రీ పుస్తకంలోకి ఇంకాస్త తల వంచేసింది.

కారు కడుగుదామని తలుపు తీసి కూర్చోబోతే మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. సీటు బాగా ముందుకు జరిపి ఉంది. తను రోజూ చెరువులకి మోటార్ సైకిల్ మీదే వెళతాడు. కారు ఇంటి దగ్గరే ఉంటుంది. ఇంట్లో ఇంకెవరికీ డ్రైవింగ్ రాదు. బావమరిది బాబీ తీశాడేమో అనుకున్నాడు. కానీ బాబీ తనకన్నా జానెడు పొడుగు. వాడైతే సీటు వెనక్కి జరుపుతాడు.

పద్మని అడగొచ్చు. అడగలేదు. తనూ ఆవిడ దగ్గర ఒక సంగతి దాస్తున్నాడు. ప్రశ్నలంటూ మొదలైతే అదెక్కడ బయటపడుతుందోనని భయం. కిలోమీటర్ల అంకె మాత్రం గుర్తు పెట్టుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నానికి ఆ అంకె పద్దెనిమిది పెరిగింది.

"పొద్దున్న ఎక్కడికైనా వెళ్లావా?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

"టైలర్ దగ్గరికండీ. జాకెట్లు ఇచ్చొచ్చాను."

మంగళవారం కూడా టైలర్ దగ్గరికే. బుధవారం చెరువుల నుంచి వస్తూ పవర్‌పేటలో షబానా కుట్టు షాపు ముందు బండి ఆపాడు.

"మా ఆవిడ జాకెట్లు అయ్యాయామ్మా?"

షబానా మిషన్ ఆపి ఆశ్చర్యంగా చూసింది. "మేడంగారు మా షాపుకొచ్చి రెండు నెలలవుతోందండీ."

ఆ మధ్యాహ్నం పద్మ పెరుగు గిన్నె తేవడానికి లేచింది. బల్ల మీద ఆవిడ ఫోన్ వెలిగింది. 'మేడమ్, రేపు పదిన్నరకి పెదవేగి రోడ్డు. దుర్గేష్.' సత్తిరాజు చేతిలోని ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఆవిడ వచ్చి ఫోన్ చూసి, నెమ్మదిగా బోర్లించింది. అది కూడా అతను చూశాడు.

గురువారం చెరువులకని చెప్పి బయల్దేరి, పెదవేగి వైపు తిప్పాడు. రోడ్డుకి రెండు వైపులా పామాయిల్ తోటలు. పెద్దగా రద్దీ లేదు. ఒక తోట గేటు పక్కన బండి ఆపి హెల్మెట్ తీయకుండా నిలబడ్డాడు. పావుగంటకి తన కారు దూరంగా కనిపించింది. ఎడమ సీట్లో పాతికేళ్ల కుర్రాడు. స్టీరింగ్ ముందు పద్మ! కొంగు నడుముకి దోపి, రెప్ప వేయకుండా రోడ్డు వైపే చూస్తోంది. కారు అతన్ని దాటి వెళ్లిపోయింది. వెనక అద్దం మీద ఎర్రటి 'ఎల్' అక్షరం.

అది చూశాక గుండె కాస్త కుదుటపడింది. ఆ వెంటనే ఇంకో అనుమానం పుట్టింది. మొగుడికి చెప్పకుండా బండి నేర్చుకునే మనిషికి, మొగుడు లేకుండా వెళ్లాల్సిన చోటేదో ఉండే ఉంటుంది కదా?

ఆవిడ ఇంటికి వచ్చేసరికి వరండాలో నిలబడి ఉన్నాడు.

"టైలర్ ఏమంది?"

పద్మ చెప్పులు విడిచి మెట్లెక్కింది.

"ఎక్కడికి వెళ్లిపోదామని నేర్చుకుంటున్నావు? చెప్పు!"

ఆవిడ తాళాలు బల్ల మీద పెట్టి తలెత్తింది. "నేనొకటి అడుగుతానండి. పొద్దు వాలితే మీకు చూపు ఆనడం లేదు. ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలాండీ? సాయంత్రమైతే గుమ్మంలో చెప్పులు కాలితో వెతుక్కుంటారు. సాయంత్రం చేపలకి మేత వేయడానికి వెళ్లడం మానేసి పనివాడు వరదానాన్ని పంపుతున్నారు. ఫాల్గుణంలో కొల్లేటికోట అమ్మవారిని చూసి రాత్రి తిరిగొస్తుంటే చెరువు గట్టు మీద మలుపు మీకు కనపడలేదు. ఏవండీ అని నేను అరవకపోతే ముగ్గురం నీళ్లల్లో ఉండేవాళ్లం."

"ఆ కారు లైట్లు బాగాలేవు. అందుకే కొత్తది..."

"లైట్లు బాగానే ఉన్నాయండి. మర్నాడే మెకానిక్‌కి చూపించాను." ఆవిడ ఇంకాస్త దగ్గరికి వచ్చింది. "మీరే చెబుతారని చూశాను. మీరు రోజూ పెద్ద బండి, పెద్ద లైట్లు అంటుంటే నాకు ప్రాణం పోతోంది. అడిగితే నాకేం లేదంటారు. నేర్చుకుంటానంటే ఎందుకంటారు. ఇంకేం చేయను?"

గుమ్మంలో ఉషశ్రీ కళ్లు తుడుచుకుంటోంది. "దుర్గేష్‌గారి డ్రైవింగ్ స్కూల్లో అమ్మని చేర్పించింది నేనే నాన్నగారూ. అమ్మని ఏమీ అనకండి."

సత్తిరాజు వరండా మెట్టు మీద కూలబడ్డాడు. విజయవాడలో డాక్టరుకి చూపించుకున్నానన్నాడు. చీకట్లో చూపు తగ్గుతూ వస్తుందట, పూర్తిగా నయం చేసే మందు లేదట, పొద్దు వాలాక బండి ముట్టుకోవద్దన్నారట.

"బండి కూడా నడపలేనివాణ్ణి ఇంకెందుకు పనికొస్తాను పద్మా?"

ఆవిడ పక్కన కూర్చుంది. "నీళ్ల రంగు చూసి చేపకి ఏమైందో చెబుతారు మీరు. అది ఈ జన్మలో నాకు వస్తుందా? బండి నేర్చుకోవడానికి రెండు నెలలు చాలాయి."

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "నిన్ను అనుమానించాను. షబానాని కూడా అడిగాను."

"తెలుసండి. నిన్ననే ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఇవాళ తోట గేటు దగ్గర మిమ్మల్ని చూశాను కూడా. ఆపితే మళ్లీ కదిలించలేనేమోనని ఆపలేదు."

ఏడుస్తూనే నవ్వాడు సత్తిరాజు.

పద్మకి లైసెన్స్ చేతికొచ్చాక తాడేపల్లిగూడెంలో షోరూముకి వెళ్లారు. ఉదయ్ కిరణ్ అనే సేల్స్ కుర్రాడు ఎదురొచ్చాడు.

"మీ లైఫ్‌స్టైల్ చెబితే దానికి సరిపోయే బండి చూపిస్తానండి. దూర ప్రయాణాలు ఎక్కువ చేస్తారా?" అంటూ పెద్ద బండి దగ్గరికి తీసుకెళ్లి, తాళం సత్తిరాజు ముందుకు చాపాడు.

"ఆవిడకివ్వండి. నాకు చీకటి పడితే చూపు ఆనదు. ఇక మా ఇంట్లో బండి నడిపేది ఆవిడే."

పక్కనున్న వాళ్లు అటు తిరిగి చూశారు. బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. ఆ కుర్రాడి మొహంలో జాలి వెతికాడు సత్తిరాజు. కనపడలేదు.

"అయితే మేడంగారి ఎత్తుకి చూడాలండి. ఇటు రండి," అంటూ కుర్రాడు ముందు నడిచాడు.

పద్మ మూడు బండ్లలో కూర్చుని చూసింది. మూడోది చిన్నదే. దాంట్లో బానెట్ అంచు దాకా కనిపిస్తోంది, గేర్లు మార్చే పని లేదు. సత్తిరాజు చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఉషశ్రీ, ఉదయ్ కిరణ్ వెనక ఎక్కారు.

పద్మ స్టీరింగ్ మీద చేతులు వేసి అతని వైపు చూసింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"భయంగా ఉందాండీ?"

"లేదు. నీకు?"

"కొంచెం."

"బండి పోనీ. నేను పక్కనే ఉన్నాగా," అన్నాడు సత్తిరాజు.