ఉగెట్ కూర్చునే స్తంభం

నవంబరులో రోక్‌వెర్‌లో అయిదింటికే చీకటి పడుతుంది. ఆ గురువారం సంత ముగిసే వేళకి గిస్లెన్ ఊళ్ళోకి వచ్చింది, ముప్పై ఏళ్ళ తర్వాత. ఊరికే ఒకసారి చూసి పోదామని వచ్చానని తనకు తానే చెప్పుకుంది. ఎవరి కంటా పడకూడదని శాలువా మాత్రం తలమీదికి లాక్కుంది.

ఊరి నడిమధ్య పాత సంతమండపం. ఏడొందల ఏళ్ళ ఓక్ దూలాలు, కింద రాతి స్తంభాలు. ఒకరిద్దరు బల్లలు మడిచి వ్యాన్లలోకి ఎక్కిస్తున్నారు. పొగమంచు మండపంలోకే వచ్చేసింది. తడిసిన కర్ర వాసన, కాళ్ళకింద నలిగిన క్యాబేజీ ఆకుల వాసన... అందులోంచి మెల్లగా ఇంకో వాసన. రాలిన ఆకుల కింది మట్టిది. పుట్టగొడుగులది.

గిస్లెన్ కాళ్ళు ఆగిపోయాయి.

ఒకప్పుడు ఇక్కడే ఆమె మేకపాల చీజ్ అమ్మేది. పక్క స్తంభం దగ్గర ఉగెట్ అవ్వ అడవి పుట్టగొడుగులు పెట్టుకు కూర్చునేది. ఒక ఏడాది గిస్లెన్ చీజ్ తిని నలుగురు మంచాన పడ్డారు. ఒక పసిపాప పోయింది. జనం గుంపుగా వచ్చి నిలదీస్తే గిస్లెన్ పెదవి విప్పలేదు. పక్కనున్న బుట్ట వంక చూసింది. అంతే. ఆ తర్వాత ఉగెట్ దగ్గర ఎవరూ కొనలేదు. అయినా ప్రతి గురువారం వచ్చేది. నిండు బుట్టతో కూర్చునేది, నిండు బుట్టతో లేచిపోయేది. ఒక జనవరిలో ఇక లేవలేదు. చలికి కూర్చున్నచోటే బిగుసుకుపోయి ప్రాణం విడిచింది.

"అమ్మాయ్..."

స్తంభం వెనక నుంచి గుసగుస.

"ఎవరైనా కొంటున్నారా?"

రాళ్ళమీద గరగరమంటూ బుట్ట ముందుకు జరిగింది. బుట్ట అంచున వేళ్ళు... మట్టి పట్టిన వేళ్ళు. మొహం కనబడలేదు.

"ఒకటి తిను... తిని, మంచివేనని చెప్పు. అందరికీ వినబడేలా..."

వ్యాన్ దగ్గరి మనిషి తలెత్తి కేకేశాడు. "ఏమ్మా, అలా నిలబడిపోయారేం? అక్కడెవరైనా ఉన్నారా?"

చెప్పొచ్చు. ఒక్క మాట చాలు.

"ఎవరూ లేరు," అంది గిస్లెన్.

స్తంభం వెనక చిన్న నిట్టూర్పు. బుట్ట మెల్లగా వెనక్కి పోయింది. ఆ నిట్టూర్పులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. సిగ్గుతో గిస్లెన్ ఒళ్ళంతా కాలిపోయింది. ముప్పై ఏళ్ళ నాటి పనే మళ్ళీ చేసింది.

వెనక్కి చూడకుండా నడిచింది. మూలనున్న కెఫే తలుపు తోసింది. లోపల పదిమంది దాకా ఉన్నారు. గల్లా దగ్గర ఎద్మే, చిన్నప్పటి స్నేహితురాలు.

"ఎద్మే, నేను గిస్లెన్‌ని. అందరూ వినండి. ఉగెట్ అవ్వ పుట్టగొడుగులు మంచివే. చెడిపోయింది నా చీజ్. కానీ ఒట్టు... అప్పటికి నాకా సంగతి తెలీదు."

ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒక్కొక్కరే తల దించుకున్నారు.

"తెలుసన్నావుగా," అంది ఎద్మే. "చెడిన చీజ్ గడ్డల్ని ఉప్పునీళ్ళతో కడిగి, వాసన తెలీకుండా పైన బూడిద అద్ది అమ్మానన్నావు."

ఆ సంగతి గిస్లెన్ ఎవరికీ చెప్పలేదు. చర్చిలో ఫాదరుకి కూడా.

"నేనా... ఎప్పుడన్నాను?"

"ఇందాకేగా. ఆ కుర్చీలో కూర్చుని. ఆ పాప వాళ్ళ నాన్న కూడా విన్నాడు."

కిటికీ పక్కనున్న ఆ ముసలాయన గ్లాసులోంచి చూపు ఎత్తలేదు. ఆయన ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది, కాస్త వెనక్కి జరిపి. దాని ముందు బల్ల అంచున మట్టి వేళ్ళ గుర్తులు.

ఎద్మే గొంతు తగ్గించింది.

"పోతూ పోతూ ఇంకో మాట కూడా అన్నావు గిస్లెన్... 'నేను మళ్ళీ వస్తాను. కాస్త తగ్గించి చెబుతాను. నమ్మకండి' అని."