ఒంటి వేడికి విచ్చే వాసన

ఆమని సోఫాలో పడి ఉంది. మెడలో ఆఫీసు ఐడీ కార్డు. కాళ్ళకు చెప్పులు. ఎవరో ఊపిరాడకుండా చేసి చంపారు.

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క అపార్ట్‌మెంట్, ఏడో అంతస్తు. బీరువా తెరిచి ఉంది. నగలు లేవు. ఏసీ గడ్డకట్టేలా నడుస్తోంది.

"తలుపు తీసే ఉండె మేడం. పిలిస్తె పలకలే. ఇగ లోపలికి పోయిన," అంది పనిమనిషి బాలమ్మ.

ఇన్‌స్పెక్టర్ సంయుక్త శవం మీదికి వంగింది. మణికట్టు దగ్గర ఘాటైన వాసన. తలనొప్పి బామ్ లాంటిది.

భర్త లోహిత్ గచ్చిబౌలి ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. ఏడ్చాడు. తర్వాత అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఆమని ఏడింటికే తయారై, తనకిష్టమైన లిల్లీపూల పెర్ఫ్యూమ్ కొట్టుకుందట. కలిసి టిఫిన్ చేశారట. ఎనిమిదిన్నరకు తాను బయల్దేరాడట. లిఫ్ట్ సీసీటీవీలో ఆ టైమ్ సరిపోయింది. ఆ తర్వాత దొంగ ఎవడో వచ్చి ఉంటాడన్నాడు. ఆ చలిలో చావు ఏ వేళకు జరిగిందో డాక్టర్ గట్టిగా చెప్పలేకపోయాడు.

ఆమనితో పనిచేసే శ్రీలతను పిలిపించి, సంయుక్త ఆ పెర్ఫ్యూమ్ గురించి అడిగింది.

"కొట్టుకోగానే బామ్ వాసనండి. మేం ఏడిపించేవాళ్ళం. కాసేపు ఆగండి అనేది. ఒంటి వేడి తగిలాక పూలు విచ్చేవి. వెన్నలా, కమ్మగా. కొందరు పెళ్ళిదండ అనేవారు, కొందరు శవం మీద దండ అనేవారు. తను నవ్వేసేది."

ఆమని నిజాంపేటలో హాస్టల్ గది చూసుకుందనీ, వేరుగా వెళ్ళిపోతున్నానని భర్తకు ఇవాళే చెప్తానందనీ శ్రీలత మెల్లగా బయటపెట్టింది.

వేలిముద్రలు తీశాక సంయుక్త ఆ పెర్ఫ్యూమ్ సీసా అందుకుంది. తన మణికట్టు మీద కొట్టింది. గాజు టీపాయ్ మీదా కొట్టింది. ఆ చల్లటి గదిలోనే కూర్చుంది.

అరగంటకు మణికట్టు మీద పూలు విచ్చాయి. గాజు మీద ఇంకా బామే.

సాయంత్రం స్టేషన్‌లో లోహిత్ ఎదురుగా కూర్చుంది.

"ఏడింటికి కొట్టుకుందన్నారు. ఎనిమిదిన్నరకు బతికే ఉందన్నారు. ప్రాణమున్న ఒంటి మీద గంటన్నర ఉంటే ఆ వాసన కమ్మగా మారాలి. ఆమె చేతి మీద మారనే లేదు. చల్లబడ్డాక కొట్టారు. కొట్టింది మీరే."

"వాసన కోర్టులో సాక్ష్యం అవుతుందా అండి?"

"కాదు. షర్ట్ చేతులు పైకి మడవండి."

అతను మడవలేదు. కానిస్టేబుల్ మడిచాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా గోళ్ళ గీతలు.

ఇక దాచలేదు. తెల్లవారుజామున ఆమని వెళ్ళిపోతానన్నదట. దిండు అందుబాటులో ఉందట. తర్వాత అతనే ఆఫీసు బట్టలు తొడిగాడు. కార్డు వేశాడు. నగలు తీసి బ్యాగులో పెట్టుకున్నాడు. వెళ్ళేముందు పెర్ఫ్యూమ్ కొట్టాడు.

ఫోన్ మోగింది. ఆమని తల్లి భ్రమరాంబ. కాకినాడ నుంచి రైల్లో వస్తోంది. కూతురు పోయిందన్నంతవరకే ఆమెకు తెలుసు.

"ఒక్క మాటండి. మా అల్లుడుగారికి అమ్మాయంటే ప్రాణం. ఈ రాత్రి ఆయన్ని ఒంటరిగా వదలకండి."

సంయుక్త లాకప్ వైపు చూసింది.

"వదలమమ్మా," అంది.