ఎలెనీ పంచని మిఠాయి

కోస్తాస్ శవం సాంతోరిని రేవు మెట్ల కింద దొరికింది. మెడ విరిగింది. చంకలోని మిఠాయి డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు.

మర్నాడు ఉదయం, నడిసముద్రంలో సాగుతున్న విహారనౌకలో గూఢచారి స్తమాతిస్ చెవిలోని రేడియో పలికింది.

"వెర్గిస్ బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు బాస్. డెక్ మీద నిమ్మరసం తాగుతున్నాడు."

"ఆ విదేశీ ముఠాలో వాళ్ళ పేర్లన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. సాయంత్రం పిరెయస్ రేవులో దించేదాకా ఆయన ప్రాణానికి నువ్వే పూచీ. కోస్తాస్ లేడు కాబట్టి ఇక ఎలెనీయే నీకు తోడు."

స్తమాతిస్ వేసింది వెయిటర్ వేషం. ఎలెనీది గైడు వేషం. ఆమె డెక్ మీదికొస్తే కెమెరాలన్నీ దీవులను వదిలేసి ఆమె వైపు తిరిగేవి.

ఆ రోజు మే ఇరవై ఒకటి, సెయింట్ కోన్‌స్తంతీనోస్, సెయింట్ ఎలెనీల పండగ. గ్రీసులో ఆ పేర్లు పెట్టుకున్నవాళ్ళు ఊరందరికీ మిఠాయి పంచే రోజు. కోస్తాస్ అన్నది కోన్‌స్తంతీనోస్‌కి ముద్దుపేరే. ఎలెనీ కాఫీ కోసం వంటగదిలోకి రాగానే వంటవాడు వాంగెలిస్ గరిటె ఊపాడు.

"నూరేళ్ళు బతుకు ఎలెనీ. ఏదే మా మిఠాయి, పిసినారీ?"

"నా పుట్టినరోజు నవంబర్‌లో కదా బాబాయ్," అని నవ్వి వెళ్ళిపోయింది.

వేళాకోళమనుకుని వాంగెలిస్ కూడా నవ్వాడు. స్తమాతిస్ నవ్వలేదు. ఆమె గ్రీకు పట్నం వోలోస్‌లో పుట్టి పెరిగిందని కాగితాల్లో ఉంది. అక్కడ పెరిగిన ఎలెనీ తన పుట్టినరోజైనా మరిచిపోతుందేమో గాని, ఈ రోజును మరిచిపోదు.

"బాస్, ఎలెనీ మన మనిషి కాదు."

"రుజువు?"

"మిఠాయి పంచలేదు."

బాస్ కూడా గ్రీకువాడే.

"పరుగెత్తు," అన్నాడు.

చేసిన తప్పు ఆమెకీ తెలిసొచ్చినట్టుంది. స్తమాతిస్ డెక్ చేరేసరికి వెర్గిస్ పక్కన కూర్చుని ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఒకే ఒక్క బాదం మిఠాయి.

"నూరేళ్ళు బతుకు తల్లీ," అంటూ ముసలాయన దాన్ని నోటి దాకా తెచ్చాడు.

స్తమాతిస్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ముందు నువ్వు తిను ఎలెనీ. పండగ నీదే కదా."

"నాకు తీపి పడదు."

"నీ మిఠాయి ఎప్పుడు కొంటావని నిన్న కోస్తాస్ కూడా అడిగి ఉంటాడు. ఎందుకని అడిగావు కదూ? వాడికి అనుమానం రాగానే మెట్ల మీంచి తోసేశావు."

ఆమె చుట్టూ చూసింది. నాలుగు వైపులా సముద్రమే. ముసలాయన వేళ్ళ మధ్య ఉన్న మిఠాయిని చటుక్కున లాక్కుని నోట్లో వేసుకుంది. స్తమాతిస్ చెయ్యి అందలేదు. పెదవుల మీది పంచదార పొడి రాలకముందే కూలిపోయింది.

సాయంత్రం వెర్గిస్ తన కాళ్ళతోనే రేవులోకి దిగాడు.

వంటగదిలో స్తమాతిస్ కోస్తాస్ డబ్బా విప్పి బల్ల మీద పెట్టాడు. ఎవరూ చెయ్యి చాపలేదు.

"తిను బాబాయ్," అన్నాడు వాంగెలిస్‌తో. "వాడు కొన్న మిఠాయితో ఎప్పుడైనా పళ్ళకే ప్రమాదం."