బండి ఆగిన ఇల్లు

మైకు బండి మళ్ళీ వచ్చి సరిగ్గా టైలరింగ్ షాపు ముందే ఆగింది.

"దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా మోచేయి అడ్డం పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. గుంపులుగా చేరకండి," అంటూ బండి నెత్తిన కట్టిన స్పీకర్లు వీధంతా మోగిపోతున్నాయి.

టైలరమ్మాయి మిషను తొక్కడం ఆపేసింది. ఎదురింటి అత్తయ్య కిటికీ దడాలున మూసుకుంది. ఆ పక్కింటి కిటికీ, దాని పక్కింటి కిటికీ కూడా వరసగా మూసుకుపోయాయి.

ఊళ్ళోకి ఫ్లూ జ్వరం వచ్చి నెల కూడా కాలేదు. భయం మాత్రం అంతకుముందే వచ్చి ఇల్లు అద్దెకు తీసుకుని కూర్చుంది. కొందరు పేపరును ఇస్త్రీ చేసి చదివేవారు. బస్సులో సీటు కావాలంటే ఒక్క తుమ్ము చాలు, వరసంతా ఖాళీ అయ్యేది. ఎదురింటి అత్తయ్యయితే ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేది.

ఇవి చాలక జనం ఒక కొత్త శాస్త్రం కనిపెట్టారు. మైకు బండి ఏ ఇంటి ముందు ఎక్కువసేపు ఆగితే ఆ ఇంట్లో జ్వరం ఉన్నట్టు. బండి పంపే ఆరోగ్య శాఖ ఆఫీసు వాళ్ళు ఎన్నడూ అలా చెప్పలేదు. చెప్పలేదు కాబట్టే జనం నమ్మారు.

టైలరమ్మాయి కత్తెర చేతిలో ఉండగానే బయటికొచ్చింది.

"ఏవండీ మైకు గారూ, ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా మా ఇంటి మీదే ఎందుకండీ ఇంత అభిమానం?"

స్టీరింగు ముందు కూర్చున్న యువకుడు ఉలిక్కిపడి మైకు కట్టేశాడు. సగం ముఖం మాస్కు వెనకాల ఉండే రోజులవి. మనిషి ఎలా ఉంటాడో మిగతా సగాన్ని బట్టి ఊహించుకోవాలి. ఆ సగం బాగానే ఉందని ఆమెకు అనిపించింది. అనిపించినందుకు ఇంకాస్త కోపం వచ్చింది.

"ఇది మలుపు కదండీ. శబ్దం రెండు వైపులకీ వెళ్తుంది."

"మలుపు అదిగో, అక్కడుంది." ఆమె కత్తెరతో చూపించింది.

అతను మెడ తిప్పి చూశాడు. "అవునండీ. అక్కడే ఉంది."

"మరి?"

"రేపట్నుంచి జరిపి ఆపుతానండీ."

అన్న మాట ప్రకారం మర్నాడు బండి కాస్త ముందుకు జరిగింది. జరిగి, సరిగ్గా ఆమె కిటికీకి ఎదురుగా ఆగింది.

ఆ సాయంత్రానికే ఎదురింటి అత్తయ్య ఒక పొడవాటి కర్ర చివర సంచి తగిలించి షాపు గుమ్మంలోకి చాపింది.

"అమ్మాయ్, నా గౌను అందులో వేసెయ్యి."

"ఇంకా పూర్తవలేదు అత్తయ్యా. ఒక చెయ్యి అతకాలి."

"పర్లేదులేమ్మా. ఇంట్లో వేసుకునేదే. ఒక చేతికి చలెయ్యదులే."

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు అత్తయ్యా."

"నేనన్నానా ఉందని? నీ మీద నాకు ప్రాణం. ముడి గట్టిగా వెయ్యి, గాలి బయటికి రాకుండా."

ఆ తర్వాత కర్రలు వరసకట్టాయి. కుట్టినవి, కుట్టనివి, కత్తిరించి పడేసినవి, అన్నీ వెళ్ళిపోయాయి. చివరికి ఆసుపత్రి స్టోర్సు ఆయన ఫోను చేశాడు. నర్సుల కోట్లు కుట్టే పెద్ద పని ఈమెకే ఇస్తానని మాటిచ్చిన మనిషి.

"ఏమనుకోకమ్మా. మీ ఇంట్లో జ్వరమని విన్నాం. ఆసుపత్రి కదా, మా జాగ్రత్తలో మేం ఉండాలి."

"మీ దగ్గర జ్వరం వార్డే ఉంది కదండీ."

"అది వేరమ్మా. అది మా జ్వరం."

ఆమె ఫోను పెట్టేసి ఖాళీ కొక్కేల వంక చూస్తూ కూర్చుంది. ఈ పని పోతే షాపు మూసుకోవాల్సిందే. మళ్ళీ బట్టల ఫ్యాక్టరీయే గతి. అక్కడ ఏళ్ళ తరబడి ఆమె కాలర్లు మాత్రమే కుట్టింది. అవి ఏ చొక్కాకు అతుక్కున్నాయో, ఏ మెడకు చేరాయో ఏనాడూ చూడలేదు. ఒక్క బట్టనైనా మొదలు నుంచి చివరిదాకా తన చేత్తో కుట్టాలన్న పట్టుదలతోనే అమ్మమ్మ ఇంటి ముందుగదిలో మిషను వేసుకుంది.

"జ్వరమన్నా వచ్చింది కాదు, పేరు మాత్రం వచ్చింది," అంది అమ్మమ్మ. "దానికి మందు కూడా ఉండదు."

మర్నాడు బండి రాగానే టైలరమ్మాయి గుమ్మంలోంచే జరిగినదంతా చెప్పింది. ఈసారి అరవలేదు. అరవకపోవడం చూసి అతను భయపడిపోయాడు.

"నా వల్లేనా?"

"మరి నా వల్లా?"

"నేను సరిచేస్తానండీ. ఇప్పుడే."

ఆమె వారించే లోపే స్పీకర్లు మోగాయి. "ఈ వీధిలోని టైలరింగ్ షాపులో ఎవరికీ జ్వరం లేదు. ఎవరూ భయపడనవసరం లేదు."

అంతవరకు అనుమానంగా ఉన్నవాళ్ళకు ఆ మాటతో రూఢి అయిపోయింది. లేదని ఆఫీసు వాళ్ళే మైకు పెట్టి మరీ చెబుతున్నారంటే లోపల ఎంతమంది మంచాన పడ్డారో. గంట తిరక్కుండా పక్కింటికి తాళం పడింది.

"దయచేసి ఇంకేమీ సరిచేయకండి," అని ఆమె చేతులు జోడించింది.

అతను వింటేనా. ఒక్క ఇంటి ముందు ఆగితేనే కదా అనుమానం, అన్ని ఇళ్ళ ముందూ సమానంగా ఆగితే సరిపోతుందని రాత్రంతా ఆలోచించి తేల్చుకున్నాడు. మర్నాడు ప్రతి గుమ్మం ముందూ బండి ఆపి, అక్షరం వదలకుండా చదివి, కదిలాడు. మధ్యాహ్నానికల్లా ఆ పేటంతా కిటికీలు బిగించుకుంది. సబ్బుల దుకాణంలో సబ్బు అయిపోయింది. తాళాల దుకాణంలో తాళాలు అయిపోయాయి. ఆఫీసులో పై అధికారి అతన్ని పిలిచి, రేపు తానే స్వయంగా వచ్చి చూస్తాననీ, ఇంకొక్క ఫిర్యాదు వస్తే మైకు లాగేసుకుంటాననీ చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం అతను బండి లేకుండా నడిచి వచ్చాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. గుమ్మానికి దూరంగా, చూరు నీళ్ళు సరిగ్గా నెత్తిన పడే చోట నిలబడ్డాడు.

"ఇటు జరగండి, తడుస్తున్నారు," అందామె.

"పర్లేదండీ. తడవాల్సినవాణ్ణే."

"అసలు మా ఇంటి ముందే ఎందుకు ఆపారు? నిజం చెప్పండి. మలుపు మాట ఎత్తితే ఊరుకోను."

అతను బూట్ల వంక చూసుకుంటూ చెప్పాడు. "పొద్దున్నుంచి రాత్రిదాకా చదివిందే చదువుతానండీ. నన్ను చూడగానే జనం కిటికీలు మూసుకుంటారు. ఊరందరి మేలు కోరి మాట్లాడేవాణ్ణి, ఊళ్ళో ఎవ్వరూ వినరు. మీరొక్కరే కిటికీ మూయలేదు. పైగా నేను మొదలెట్టగానే మీరు మిషను ఆపేవారు. శ్రద్ధగా వింటున్నారనుకున్నా. అందుకని ఇంకో రెండు ముక్కలు ఎక్కువ చదివేవాణ్ణి. తర్వాత్తర్వాత... చదవడానిక్కాదు, చూడ్డానికే ఆపేవాణ్ణి."

ఆమెకు నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. "మీ గోలకి సూదిలో దారం ఎక్కేది కాదండీ. అందుకని ఆపేదాన్ని. కిటికీ అంటారా, దాని గడియ ఊడిపోయి చాన్నాళ్ళయింది."

అతను తలూపాడు. "అలాగా," అన్నాడు చిన్నగా. ఊరినంతటినీ చేతులు కడుక్కోమని గద్దించే గొంతు అదేనంటే ఎవరూ నమ్మరు.

ఆ 'అలాగా' ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. గడియ సంగతి చెప్పకుండా ఉండాల్సిందనిపించింది.

లోపలి గదిలోంచి అమ్మమ్మ అందుకుంది. "అబ్బాయ్, జనానికి జ్వరం లేదంటే నమ్మరు. మరింకేదో ఉందంటే ఇట్టే నమ్ముతారు. ఇప్పుడు చెప్పావే, అది చెప్పు మైకులో."

"అమ్మమ్మా," అంది టైలరమ్మాయి.

"ఏం, నీకు షాపు కావాలా, పరువు కావాలా? జ్వరం పేరుతో రెండూ ఎలాగూ పోయాయి. దీంతో ఒకటైనా తిరిగొస్తుంది."

టైలరమ్మాయి ఖాళీ కొక్కేల వంక చూసింది. చివరికి, "నేను ఒప్పుకున్నానని మాత్రం చెప్పకూడదు," అంది.

"మీరు ఒప్పుకోలేదు కదండీ."

"అదే చెప్పండి."

మర్నాడు పొద్దున బండి వీధిలోకి వచ్చింది. కిటికీలు మూసుకున్నాయి. స్పీకర్లు రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకున్నాయి.

"ఇందుమూలంగా ప్రజలకు తెలియజేయునది ఏమనగా, టైలరింగ్ షాపు ముందు ఈ బండి ఎక్కువసేపు ఆగడానికి కారణం జ్వరం కాదు. షాపులోని అమ్మాయిని చూడటం కోసం ఆపడమైనది. ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమెకు ఈ సంగతి తెలియదు. తెలిశాక కూడా ఒప్పుకోలేదు. కావున ప్రజలు భయపడకుండా తమ బట్టలు తిరిగి ఇచ్చుకోగలరు. చేతులు సబ్బుతో కడుక్కోండి."

తర్వాత ఎదురింటి కిటికీ కొంచెం తెరుచుకుంది. పక్కది తెరుచుకుంది. తాళం పడ్డ ఇంట్లోంచి కూడా ఒక తల బయటికొచ్చింది. వాళ్ళు ఊరు విడిచి వెళ్ళనే లేదని అప్పుడు తెలిసింది.

"నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నాను," అంటూ ఎదురింటి అత్తయ్య రుమాలు లేకుండా రోడ్డు దాటి వచ్చేసింది. "అమ్మాయ్, ఆ చెయ్యి అతికెయ్యి. ఇంతకీ కుర్రాడు ఏమంటాడు?"

అబద్ధమాడి పరువు నిలబెట్టుకోవచ్చుగాని, నిజం చెప్పి ఇంత గిరాకీ తెచ్చుకోవచ్చని టైలరమ్మాయికి అంతకుముందు తెలియదు. ఒకావిడ బాగున్న చొక్కా గుండీలు తనే తెంపి తెచ్చింది. ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు స్వయంగా వచ్చి, కోట్ల పని అప్పజెప్పి, మైకు అబ్బాయి ఎత్తెంతో కనుక్కుని వెళ్ళింది. పై అధికారి మైకు లాగేసుకోవడానికే వచ్చాడు. బండి రాగానే వీధంతా కిటికీలు తెరిచి చెవులు రిక్కించడం చూశాడు. తన ఉద్యోగ జీవితంలో జాగ్రత్తలు ఇంత శ్రద్ధగా విన్న ప్రజల్ని అతను చూడలేదు. మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

"దూరంగా నిలబడండి, ఒకరి మీద ఒకరు పడకండి," అని టైలరమ్మాయి గుమ్మంలో నిలబడి మొత్తుకునేది. ఎవరు వింటారు? ఎదురింటి అత్తయ్య మాటిమాటికీ తుమ్ముతూ, "ఇది దుమ్ములే," అంటూ ఆమెకూ మైకు అబ్బాయికీ మధ్య నిలబడి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసేది.

వారం తిరిగేసరికి మైకు బండి రావడం మానేసింది.

సైకిలు షాపు మీది తన అద్దె గదిలో అతను ఒళ్ళు కాలిపోతూ పడి ఉన్నాడని తెలిసింది. ఆసుపత్రిలో చూసి ఫ్లూ అని తేల్చారు. మాత్రలిచ్చి, గదిలోకి ఎవర్నీ రానివ్వద్దన్నారు.

ఊరు నమ్మలేదు.

"జ్వరమా పాడా? పిల్ల ఒప్పుకోలేదు కదా, మనసు విరిగి మంచమెక్కాడు," అంది ఎదురింటి అత్తయ్య. లేని జ్వరానికి కర్రలతో సంచులు చాపిన వాళ్ళంతా, ఉన్న జ్వరాన్ని పరామర్శించడానికి పళ్ళు పట్టుకుని గుంపుగా బయల్దేరారు.

టైలరమ్మాయి మిషను కట్టేసింది. మాస్కు బిగించి, కుట్టాల్సిన కోట్లు సంచిలో వేసుకుని, పీట చంకన పెట్టుకుని గబగబా నడిచింది. వాళ్ళకంటే ముందే చేరి, సైకిలు షాపు మెట్ల కింద పీట అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"లోపలికి ఎవరూ వెళ్ళడానికి వీల్లేదు. అది నిజం జ్వరం."

"మాకు తెలీదటమ్మా ఏ జ్వరమో," అని ఒకాయన నవ్వాడు.

"తెలీదు. అంటుకుంటే తెలుస్తుంది. పళ్ళు ఇక్కడ పెట్టి వెళ్ళండి."

"ఒప్పుకోలేదన్నావు కదే?" అంది ఎదురింటి అత్తయ్య.

"ఇప్పుడూ ఒప్పుకోలేదు అత్తయ్యా. మీరు లోపలికి వెళ్ళడానికీ ఒప్పుకోవట్లేదు."

రోజూ వచ్చి అక్కడే కూర్చుని కోట్లకు గుండీలు కుట్టింది. అన్నం గిన్నె గది గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి, కిందికి దిగిపోయేది. పైనుంచి దగ్గు వినిపిస్తే సూది ఆగేది. ఆ దగ్గు ఆగేదాకా కదిలేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం మరీ ఎక్కువసేపు దగ్గాడు. ఆ తర్వాత అసలేమీ వినిపించలేదు. ఆమె సూది వేల్లో గుచ్చుకోవడం కూడా చూసుకోకుండా మెట్లెక్కి తలుపు ముందు నిలబడింది.

"ఉన్నారా?"

"ఉన్నానండీ." గొంతు పీలగా వచ్చింది. "నిద్రపట్టింది."

"నిద్రపోయేటప్పుడు చెప్పి నిద్రపోవాలి. మనుషులు భయపడతారు."

తలుపు అవతల మంచం కిర్రుమంది. "ఎవరండీ భయపడింది?"

ఆమె గబగబా మెట్లు దిగిపోయింది. ఊరంతా ఇన్నాళ్ళూ పడ్డ భయమేమిటో ఆమెకు ఆ రోజే అర్థమైంది. అందాకా ఆమె ఆ భయాన్ని చూసి నవ్వుకునేది.

జ్వరం తగ్గింది. ఇంక బయట తిరగొచ్చని ఆసుపత్రిలో చెప్పాక అతను షాపుకు వచ్చాడు. మనిషి సగమైపోయాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. మొదటిసారి మాస్కు లేకుండా చూసింది. మిగతా సగం కూడా బాగానే ఉంది.

అమ్మమ్మ లోపల ఫోన్లో మాట్లాడుతోంది. అవతల అతని అక్క. "నీ తమ్ముడు బంగారమమ్మా, కాస్త నోరు పెద్దది, అంతే," అంటోంది.

"అక్కతో ఏం మాట్లాడుతున్నారండీ?" అని అడిగాడు అతను.

"పెళ్ళి మాటలు. మీ వాళ్ళు వచ్చే నెల వస్తారట."

"మీరు..." అతను తడబడ్డాడు. "మీరు ఒప్పుకున్నారా?"

ఆమె మెడలోని టేపు తీసింది. "రెండు చేతులూ చాపండి. వాళ్ళొచ్చే రోజున ఈ చొక్కాతో నిలబడితే మా అమ్మమ్మ పరువు పోతుంది."

అతను చేతులు చాపాడు. ఆమె దగ్గరికి జరిగి టేపును ఛాతీ చుట్టూ తిప్పింది. ఎదురింటి కిటికీలో, పక్కింటి కిటికీలో తలలు కనిపిస్తున్నాయి. చూసుకోనీ అనుకుంది. కాలరు నుంచి చివరి గుండీ దాకా ఈ చొక్కా అంతా తనే కుడుతుంది. ఎవరి మెడకో కూడా తెలుసు.

టేపు బిగుసుకుంది. అతను గుడ్లు తేలేసి బొమ్మలా నిలబడ్డాడు.

"ఊపిరి వదలండి," అందామె.

"మీకు ఇంత దగ్గర్లోనా?"

"ఇంత దగ్గర్లోనే. బిగబడితే కొలత తప్పొస్తుంది."

అతను ఊపిరి వదిలాడు. వెచ్చగా ఆమె నుదుటికి తగిలింది. ఆమె వెనక్కి జరగలేదు.